మా మేనల్లుని మోటారు సైకిలు

సోలాపూరు తూర్పు భాగమున పుట్టిన పిల్లలకు యంత్రముల చప్పుడే జోలపాట. అశోక చౌకునుండి కన్నా చౌకు వరకు ఏ సందున నడచినను గోడ కావల మరమగ్గములు ఆడుచునే యుండును. బయటివారికి అది యంతయు ఒక్క రొద. మనవారికి మాత్రము ఆ రొదలో వేరువేరు మాటలు వినిపించును. నాడె సరిగా పోవుచున్నదా, తోలుపట్టీ సడలినదా, ఎక్కడనైన నూనె ఎండినదా యను సంగతిని పదేండ్ల పిల్లవాడు కన్నులు మూసికొని చెప్పగలడు. నేను ఇరువది యేండ్లకు పైగా మగ్గముల జాబరుగా పనిచేయుచున్నాను. మగ్గము మూలుగును విని దాని జబ్బు కనిపెట్టుట నా వృత్తి. కావున ఒక చిన్న ఇంజనును గూర్చి నేను వ్రాయుట మన పత్రిక చదువరులకు వింతగా తోచదని తలంచుచున్నాను.

మా మేనల్లుడు ఇట్టి చప్పుళ్ల నడుమ పెరిగినవాడే. వాని తండ్రి, అనగా మా బావ, తువ్వాళ్ల మగ్గములు నడుపును. తల్లి, అనగా మా అక్క, ఇంటిపని ముగిసిన వెనుక చాట ముందు పెట్టుకొని బీడీలు చుట్టును. వాడు తొమ్మిదవ తరగతిలో నుండగా పెద్దపిల్లలతో గూడి పుణెకు పోయి, అచ్చట మట్టి బాటపై జరిగిన మోటారు సైకిలు పందెమును చూచి వచ్చెను. ఆ దినము మొదలు వానికి అన్నము సహింపలేదు. "మామా! నాకు చిన్న టూ-స్ట్రోకు బండి కావాలె. రోడ్డు మీద తోల. పందెంలనే తోలుత" అని నా వెంట పడెను. అప్పటికి వానికి పదునైదేండ్లు.

మా ఇంటిలో నెల దినములు ఈ విషయమే చర్చ. అక్క భయము అకారణమైనది కాదు. 2023 ఆగస్టులో చెన్నైకి సమీపముననున్న పందెపు బాటపై బెంగుళూరునకు చెందిన పదమూడేండ్ల బాలుడు పోటీలో పడిపోయి ప్రాణములు కోల్పోయెను. ఆ బాలుడు నేర్పు లేనివాడు కాడు. అంతకుముందు జాతీయ పోటీలలో గెలిచినవాడు. శిక్షణ, కాపలా, వైద్యులు ఉన్నచోటనే అట్టి విపత్తు సంభవించినప్పుడు, మనవంటివారు ఎంత జాగరూకతతో నుండవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను నేను ఒక్కసారిగా కాదని యనలేదు. అందుకు కారణము కలదు. మన పేటలలో బండి అడిగిన పిల్లవానికి ఇంట బండి లేకపోయినచో, స్నేహితుని అన్న బండి దొరకును. రాత్రి పది గంటలు దాటిన వెనుక పెద్ద రోడ్డు ఖాళీగా దొరకును. తలకు టోపీ ఉండదు, చెంత పెద్దవారు ఉండరు. కోరికను కాదన్నంత మాత్రమున అది చావదు, చీకటిలోనికి పోవును. చీకటిలోనికి పోవుటకంటె అది మా కన్నులయెదుట నుండుట మేలని నాకు తోచెను.

చట్టము మాట మొదట చూచితిని. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారు గేరు బండిని బహిరంగ స్థలమున నడుపరాదు. పదునారేండ్లు నిండినవారికి 50 సి.సి. మించని, గేరు లేని బండికి మాత్రమే లైసెన్సు లభించును. 2019లో జరిగిన సవరణ మరింత కఠినమైనది. బాలుడు బండి నడిపి నేరము చేసినచో అతని సంరక్షకునికి గాని బండి యజమానికి గాని 3 సంవత్సరముల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా కలవు. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. తలిదండ్రులు ఈ నాలుగు వాక్యములను మరల ఒకసారి చదువ ప్రార్థన. "ఒక్క చుట్టు తిరిగి వచ్చును, ఏమగును" అను మాటకు వెల ఇంత.

కావున మా ఒడంబడిక ఇట్లు కుదిరినది. బండి రోడ్డును తాకరాదు. అక్కల్‌కోట రోడ్డు కావల బావ బంధువులకు ఒక బీడు కలదు. వారి అనుమతితో అచ్చటనే నడుపవలెను. అచ్చటికి బండిని చిన్న టెంపోలో ఎక్కించి తీసికొనిపోవలెను. నేను గాని బావ గాని లేనిదే ఇంజను మొదలుపెట్టరాదు. పందెమునకు పోయినచో, వైద్యుడును అంబులెన్సును ఉన్న చోటికే, వయస్సును అడిగి తలిదండ్రుల సంతకము తీసికొను చోటికే పోవలెను.

అక్క అన్నియు విని చివరకు ఒక మాట చెప్పెను. "తమ్మీ! వాడు తోలుతుంటె నేను చూడలేను. గాని వాడు బండికి ఏం చేస్తుండో నాకు తెల్వాలె. అంతా ఒక నోటుబుక్కుల రాయమను. తెలుగుల రాయమను. నాకు వచ్చింది అదొక్కటే." అక్క మన తెలుగు బడిలో ఏడవ తరగతి వరకు చదివినది. మరాఠీ మాటలాడగలదు గాని చదువుట రాదు. ఇంగ్లీషు అసలే రాదు. ఈ షరతు అప్పుడు మాకందరికి చిన్నదిగా తోచినది.

ఇక బండి నెంచు విషయము. అసలు పందెములకు టూ-స్ట్రోకు ఇంజనును ఏల కోరుదురో మొదట తెలియవలెను. నేటి రోడ్డు బండ్లలో నుండునది ఫోర్-స్ట్రోకు ఇంజను. అందులో ఇరుసు రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్కసారి మాత్రమే మంట పుట్టి పిస్టనును త్రోయును. టూ-స్ట్రోకులో ప్రతి చుట్టునకు ఒక మంట. తలపై కవాటములు లేవు. వానిని ఆడించు సామగ్రి లేదు. సిలిండరు గోడకున్న రంధ్రములను పిస్టనే మూయుచు తెరచుచు నుండును. క్రొత్త పెట్రోలు గాలి మొదట పిస్టను క్రింది గదిలోనికి వచ్చి, అచ్చట ఒత్తిడి పొంది, ప్రక్క దారులగుండ పైకి పోవును. భాగములు తక్కువ, బరువు తక్కువ, పరిమాణమునకు మించిన బలము. పదునైదేండ్ల పిల్లవాడు కూడ నాలుగు మరలు విప్పి దాని గుండెను చూడగలడు.

దోషమును గూడ చెప్పవలెను. క్రొత్త గాలి లోనికి వచ్చునప్పుడే పాత పొగ వెలుపలికి పోవును గనుక, కాలని పెట్రోలు కొంత దానితో పోవును. నూనె కూడ కాలి పొగ యగును. అందుచేతనే 1996లోను 2000లోను మన దేశమున పొగ నియమములు బిగిసినకొలది రోడ్డు మీది టూ-స్ట్రోకు బండ్లు అంతరించినవి. ప్రపంచ పందెములలో సైతము 125 సి.సి. తరగతి 2011తో ముగిసి, 2012 నుండి ఆ స్థానమును ఫోర్-స్ట్రోకు బండ్లు గైకొన్నవి. కావున మేము కోరినది గతించుచున్న ఒక విద్య. చేతిమగ్గమును చూచిన కన్నులకు ఈ మాట క్రొత్తది కాదు.

మా ముందు మూడు దారులుండెను. మొదటిది, పిల్లల పందెములకనియే విదేశములలో చేయు 65, 85 సి.సి. బండ్లు. నీటితో చల్లబడు ఇంజను, పొడవైన స్ప్రింగులు, నిజమైన పందెపు బండ్లు అవియే. కాని వాని ధర మా బావ మగ్గముల ధరతో పోల్చవలసినది. పిస్టను కావలసినచో నెలలు వేచియుండవలెను. రెండవది, యమహా ఆర్‌ఎక్స్ 100. అది 1985 నుండి 1996 వరకు మన దేశమున తయారైనది, 98 సి.సి.ల నుండి 11 అశ్వశక్తి నిచ్చుటచే యువకుల గుండెలను దోచినది. మా మేనల్లుని మనస్సు దాని మీదనే యుండెను. కాని నేడది ముచ్చటకు దాచుకొను వస్తువైనది. శిథిలమైన దానికి సైతము మిక్కిలి ధర చెప్పుచున్నారు. మూడవది, ఆ కాలపుదే యగు సుజుకీ ఏఎక్స్ 100. హోసూరులో 1984 ప్రాంతమున మొదలైన ఈ బండికి బలము తక్కువ, పేరు తక్కువ, అందుచే ధరయు తక్కువ. కాని నమ్మకమైన ఇంజను. ఇదే జాతి బండ్లు ఇతర దేశములలో తరువాత చాలకాలము తయారైనవి.

మేము మూడవదానినే తీసికొంటిమి. వాడు రెండు దినములు నాతో మాటలాడలేదు. నేను వానికి చెప్పినది ఒక్కటే: "నీవు తోలగలిగిన బండి కాదురా, నీవు విప్పి బిగింపగలిగిన బండి నీది." బలమును తరువాత పెంచుకొనవచ్చును. కాళ్లు రెండును నేలకు ఆనని బండిని, పడిపోయినప్పుడు తానొక్కడే ఎత్తుకొనలేని బండిని చిన్నవానికి కొనియిచ్చుట ప్రేమ కాదు.

పాత బండిని చూచునప్పుడు రంగును చూడరాదు. మేము చూచినవి ఇవి. మొదట కాగితములు, వానిలోని ఇంజను సంఖ్య, చాసిస్ సంఖ్య, బండి మీదివి ఒకటేనా? పిమ్మట చల్లని ఇంజనును చేతితో నెమ్మదిగా తన్ని చూచితిమి. కిక్కు పాదమునకు ఎదురు నిలువవలెను. మెత్తగా దిగిపోయినచో రింగులు గాని బోరు గాని అరిగినదని అర్థము. తరువాత మాగ్నెటో చక్రమును పట్టుకొని పైకి క్రిందికి ఊపి చూచితిమి. అందు కదలిక యున్నచో ఇరుసు బేరింగులు పోయినవని తెలియును. ఇంజను వేడెక్కిన పిదప కూడ తెల్లని పొగ దట్టముగా వచ్చుచు, గేరుపెట్టెలోని నూనె మాటిమాటికి తగ్గుచున్నచో క్లచ్చి వైపు సీలు చెడినది. ముఖ్యముగా బోరు ఎన్నిసార్లు కోసినారో అడుగవలెను. పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు అని పిస్టనులు మెట్లు మెట్లుగా దొరకును. చివరి మెట్టుకు చేరిన సిలిండరు ముసలిది. మేము కొన్నది రెండవ మెట్టున నున్నది.

ఉన్న సొమ్మును మూడు పాళ్లు చేసితిమి. ఒక పాలు బండికి. ఒక పాలు తల కవచము, చేతి తొడుగులు, మోకాటి చిప్పలు, ఎత్తైన బూట్లు, రొమ్ము కవచమునకు. మూడవ పాలు పిస్టను, రింగులు, ప్యాకింగులు, సీళ్లు, ప్లగ్గులకు. సొమ్మంతయు బండికే పెట్టి, తలకు చవుక టోపీ కొనువారిని నేను చూచితిని. అది గొప్ప పడుగు వేసి కుళ్లిన పేకతో నేసినట్లుండును.

ఇప్పుడు పోషణ. టూ-స్ట్రోకు ఇంజనుకు ప్రాణము నూనె. ఆ బండిలో నూనెకు వేరు పంపు ఉండెను. అది ముసలిదగుటచే దానిని తీసివేసి, పెట్రోలులోనే నూనె కలుపు పద్ధతికి మార్చితిమి. పంపు ఎప్పుడు ఆగునో తెలియదు; చేతితో కలిపినది కంటికి కనిపించును. మా పాలు 25కు 1. అనగా 5 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల టూ-టీ నూనె. 3 లీటర్లకు ఎంత? వాడు నోటిలెక్కగా 120 అని చెప్పువరకు మూత తెరువనిచ్చెడివాడను కాను. బడిలో నిష్పత్తి లెక్కలన్న తలనొప్పి వచ్చెడి పిల్లవాడు ఇప్పుడు 32కు 1 చొప్పున 4 లీటర్లకు 125 అని నిద్రలో చెప్పగలడు.

"నూనె ఇంకింత పోస్తె ఇంజనుకు మంచిదే గద మామా?" అని ఒకనాడు అడిగెను. చాలమంది అట్లే తలంతురు. కాని నూనె పెరిగినకొలది అదే రంధ్రమునుండి వచ్చు ధారలో పెట్రోలు పాలు తగ్గును. గాలికి తగిన పెట్రోలు అందక మంట వేడెక్కును. మరియు ప్లగ్గు నల్లబడును. అన్నములో ఉప్పువలె, ఇదియు కొలత మీదనే యుండవలెను.

ప్లగ్గు ఇంజనుకు నాలుకవంటిది. వైద్యుడు నాలుక చూచినట్లు, ప్రతి పరుగు తరువాత దానిని విప్పి చూడవలెను. కాఫీగింజ రంగున్నచో ఆరోగ్యము. నల్లగా జిడ్డుగా నున్నచో పెట్రోలు గాని నూనె గాని ఎక్కువ. తెల్లగా సున్నము కొట్టినట్లున్నచో పెట్రోలు తక్కువ, ఇదియే ప్రమాదము. అట్టి ఇంజనులో పిస్టను వేడికి ఉబ్బి బోరునకు పట్టుకొనును. దానినే సీజగుట యందురు. వేగముగా పోవునప్పుడు సీజైనచో వెనుక చక్రము ఒక్కసారిగా నిలిచిపోవును. ఎక్కినవాడు ఎక్కడ పడునో చెప్పలేము. టూ-స్ట్రోకు నడుపువారు ఎడమచేతి రెండు వ్రేళ్లను క్లచ్చి మీద ఉంచుటకు కారణము ఇదియే.

మొదటి జబ్బు మన ఊరి జబ్బే. బండిని మొదట బావ కార్ఖానా మూలలో నిలిపియుంచిరి. మూడు వారములలో ఇంజను మందగించెను, పొగ పెరిగెను, ప్లగ్గు నల్లబడెను. వాడు నోటుబుక్కు తెరచి చూచెను. పెట్రోలు అదే, నూనె అదే, జెట్టు అదే. మారినది ఏమి? గాలి వచ్చు పెట్టె విప్పి చూడగా, లోపలి నురుగుదిండు పై వేలెడు మందమున దూది పేరుకొనియుండెను. తువ్వాళ్ల మగ్గములనుండి ఎగిరెడి పీచు మన ఊపిరితిత్తులలోనికే పోవుచున్నప్పుడు ఇంజనును విడుచునా? వాడు దిండును కడిగి, ఆరవేసి, నూనె పట్టించి పెట్టెను. పాత చద్దరు ముక్కతో బండికి ముసుగు కుట్టించెను. బండిని కార్ఖానానుండి ఇంటి వసారాలోనికి మార్చెను. పుస్తకములో ఇట్లు వ్రాసెను: "బండికి దూది దమ్ము. తగ్గినది." అది చదివి బావ నవ్వెను గాని, ఆ వారమే తానును ముక్కునకు గుడ్డ కట్టుకొని మగ్గముల నడుమకు పోవుట మొదలుపెట్టెను.

ఇంకొక మాట మన పేటల పిల్లలకు ప్రత్యేకముగా చెప్పవలెను. సైలెన్సరు కోసినచో బండి చప్పుడు పెరుగును గనుక బలము కూడ పెరుగునని వారి నమ్మకము. టూ-స్ట్రోకులో సైలెన్సరు ఇంజనులో ఒక భాగము. దాని నడుమ లావై, చివర సన్నగిల్లు ఆకారము ఊరక వచ్చినది కాదు. పొగతో పోయిన ఒత్తిడి అల ఆ సన్నని చివరకు తగిలి వెనుకకు మరలి, తప్పించుకొనిపోవు క్రొత్త పెట్రోలు గాలిని తిరిగి సిలిండరులోనికి త్రోయును. తూర్పు జర్మనీలోని ఎంజడ్ కార్ఖానాలో వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు ఈ విద్యను శ్రద్ధతో పెంపొందించెను. 1961 నాటికి 125 సి.సి. ఇంజనునుండి 25 అశ్వశక్తిని రాబట్టెను. ఆ సంవత్సరమే ఆయన సంస్థలో బండి నడుపు ఎర్నెస్ట్ డెగ్నర్ దేశము విడిచిపోయి జపానులోని సుజుకీ వారితో చేరెను. 1962లో వారికి 50 సి.సి. తరగతి ప్రపంచ విజేత పదవి దక్కెను. మా వసారాలోని ముసలి బండికి ఆ వంశముతో చుట్టరికము కలదని చెప్పగా, మా మేనల్లునికి దాని పై గౌరవము పెరిగెను. సైలెన్సరును కోయుట మాట మరల రాలేదు. దానిలోని మసిని కాల్చి దులుపుట మాత్రము నేర్చుకొనెను. పిస్టను నెత్తిమీది మసిని ఇనుముతో గీకరాదు, గీతలు పడును. వాడు వెదురు చీల్చి పుల్ల చేసికొనెను.

ఇక నోటుబుక్కు. తేది, నడిపిన నిమిషములు, పెట్రోలు, నూనె, ప్లగ్గు రంగు, గాలి దిండు, చైను వదులు, బ్రేకులు, బిగించిన మరలు అని గళ్లు గీసికొనెను. మొదట ఒక్కొక్క గడిలో ఒక్కొక్క మాట. ప్రతి రాత్రియు అక్క బీడీల చాట ప్రక్కకు నెట్టి దానిని చదివెడిది. అర్థము కాని చోట వ్రేలు పెట్టి యడిగెడిది. "చైను వదులు రెండు వ్రేళ్లు అని రాసినవు. నిన్న ఒకటే ఉండె. ఎందుకు పెరిగింది?" వాడు బదులు చెప్పుటకై మరునాడు చూచి రావలసి వచ్చెడిది. బండిని కన్నెత్తి చూడని ఆమె దాని ఒక్కొక్క మరను ఎరుగును. వాడు 'చప్పుడు' అను మాటను వత్తు లేక వ్రాసినప్పుడు పెన్సిలుతో దిద్దెడిది. పుస్తకము నిండువేళకు వాని గళ్లు వాక్యములైనవి. వ్యాసము వ్రాయుమనిన నాలుగు పంక్తులకు చేయి నొచ్చు పిల్లవాడు, ఇంజను జ్వరమును గూర్చి పుట నిండ వ్రాయుట నేను చూచితిని. మెకానిక్కు దక్కనీ ఉర్దూలో చెప్పినది, అంగడివాడు మరాఠీలో చెప్పినది, ఇంగ్లీషు పుస్తకములోని బొమ్మలు చెప్పినది, అన్నియు ఆ పుస్తకములో తెలుగై కూర్చున్నవి.

గడచిన శీతకాలమున మరియొక జిల్లాలో చిన్నవారికి మట్టి పందెము జరిగెను. వాడు నాలుగు నెలలు కాచుకొనియున్న దినమది. టెంపో కిరాయి, భోజనము, ప్రవేశ రుసుము అంతయు కట్టితిమి. ఉదయము అభ్యాసపు చుట్లు రెండు తిరిగి వచ్చి, బండి నిలిపి, చేయి విడిచి ఇంజను చప్పుడు వినసాగెను. నేనును వింటిని. చేయి విడువగానే తగ్గవలసిన వేగము నిలిచియే యుండి, కొంతసేపటికి గాని దిగలేదు. వాడు ప్లగ్గు విప్పెను. తెల్లగా నుండెను. నేనేమియు చెప్పలేదు; వాడు ఏమి చేయునో చూడవలెనని యుంటిని.

చుట్టునున్న పెద్దపిల్లలు, "అయిదు చుట్లే గద, తోలు, ఏం కాదు" అనిరి. ఒకడు భయమా యని నవ్వెను. వాడు పెదవి కొరుకుకొని కొంతసేపు నిలువబడెను. పిమ్మట మరల ప్లగ్గు బిగించి, బండిని త్రోసికొనుచు పోయి టెంపో ప్రక్కన నిలిపి, కవచము తీసివేసి, సంచిలోనుండి నోటుబుక్కు తీసెను. ఆ దినపు పుటలో ఇట్లున్నది: "ఈ దినము పరుగెత్తలేదు. ఎక్కడనో గాలి చొరబడుచున్నది. ఎడమ సీలు మీద అనుమానము." ఇంటికి వచ్చి మాగ్నెటో విప్పి చూడగా, ఎడమ సీలు పెదవి ఎండి చీలియుండెను. ఆ చీలికగుండ గాలి చేరి పెట్రోలు పాలు తగ్గినది. ఆ స్థితిలో అయిదు చుట్లు నిండునో నిండవో నేను చెప్పజాలను. సీలు ధర మాత్రము ఒక పూట టీ ఖర్చు.

అక్క ఆ రాత్రి ఆ పుటను చాలసేపు చదివెను. దిద్దుటకు అందులో తప్పు లేదు. పుట అడుగున తేది వేసి, బడిలో పంతులుగారు చేసినట్లు తన సంతకము పెట్టెను. తరువాతి పందెమునకు తానును వచ్చెదనని చెప్పెను.

వచ్చినది కూడ. తడక కావల నిలువబడి కొంగు నోట కరచికొని చూచినది. మా మేనల్లునికి ఇంతవరకు బహుమతి ఏదియు రాలేదు; పండ్రెండుమందిలో ఏడవవాడుగా వచ్చుట వాని మేటి ఘనత. వానికంటె మేలైన బండ్లు కలవారు, వానికంటె బాగుగ నడుపువారు చాలమంది కలరు. వాడు ఇప్పుడు పదవ తరగతి. పరీక్షలు ముగియువరకు బండి చద్దరు ముసుగులో నుండును. పెట్రోలు వంచివేసి, సిలిండరులో నాలుగు చుక్కల నూనె పోసి, నెమ్మదిగా ఇరుసు త్రిప్పి, సైలెన్సరు మూతికి గుడ్డ కట్టి పెట్టినాడు. అది కూడ పుస్తకములో వ్రాసినాడు.

తలిదండ్రులకు నా మనవి ఒకటి. మీ పిల్లవాడు బండి అడిగినప్పుడు ఎంత వేగము పోవునని విచారింపకుడు. ఎక్కడ తోలును, ఎవరి యెదుట తోలును, ఎవరు విప్పి బాగుచేయుదురని అడుగుడు. మూడింటికిని సరియైన బదులు లేనిచో కొనకుడు. విద్యార్థులారా! మీకు యంత్రము మీద మక్కువ యున్నచో, బండి లేకున్నను, ఇంటి కుట్టుమిషనుతో గాని నాయన మగ్గముతో గాని మొదలుపెట్టుడు. ఏ దినము ఏమి విన్నారో, ఏమి విప్పినారో, ఏది అరిగినదో వ్రాసికొనుడు. ఇంటిలో మీ కొరకు మేలుకొనియుండు వారు చదువగలిగిన అక్షరములలో వ్రాయుడు.